ముందుగా పంపవలసిన మనిషి

ఫ్రిజ్ తలుపుకు అంటించిన కాగితాన్ని సుబ్బరత్నమ్మ మూడు రోజులుగా చదువుతోంది. పెద్ద కాగితమేమీ కాదు. మనవరాలు సాత్విక బడిలో చూపించడానికి రంగు పెన్నులతో రాసింది. ఇంట్లో మిగతావాళ్లు పాలగిన్నె తీసుకుంటూ ఒకసారి చూసి, బాగుందని వదిలేశారు. సుబ్బరత్నమ్మ చదువుకు అట్లా కుదరదు. అరవై రెండేళ్లకు అక్షరం పట్టిన మనిషి. ఒక్కో అక్షరాన్ని తడిమి, పక్కదానితో ముడివేసి, పెదాలు కదుపుకుంటూ మాట అయ్యేదాకా అక్కడే నిలబడాలి. పప్పు పొంగేలోపల ఒక వరస అయితే గొప్ప. అందుకని ఆమె ఏదీ పైపైన చదవదు.

"వరద వస్తే మా ఇంట్లో ఎవరి పని ఏమిటి" అని పైన ఎర్రగా రాసి ఉంది. కింద నాలుగు గడులు.

నాన్న: మెయిన్ ఆపాలి. వీధిలో కరెంటు పోయినా ఇన్వర్టర్ నుంచి ఇంట్లో కరెంటు వస్తూనే ఉంటుంది, దాన్ని కూడా ఆపాలి. అమ్మ: కాగితాల సంచి, మందులు, తాగే నీళ్లు మిద్దె మీదికి తేవాలి. నేను: ఫోన్లు చార్జింగ్ పెట్టాలి, టార్చి దగ్గర ఉంచుకోవాలి.

నాలుగో గడికి ఆమె మూడో రోజు సాయంత్రం చేరింది. నాయనమ్మ, అని ఉంది. ఆ మాట కనపడగానే కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. బియ్యం డబ్బా అప్పగించి ఉంటారని ఒక ఆశ. లేకుంటే పొయ్యి సంగతి.

నాయనమ్మ: ముందే ఆళ్లగడ్డకు పంపాలి.

ఇంకోసారి చదివింది. అక్షరాలు మారలేదు. అందరికీ ఒక పని ఉంది. తనే ఒక పని.

సాత్విక బడి నుంచి వచ్చి సంచి దించుతుంటే అడిగింది. "ఏం పాపా, దీంట్లో నాకేం పని పెట్టలేదే?"

"నీకెందుకు నాయనమ్మా పని? అత్తోళ్లింట్లో కాళ్లు చాపుకోని సీరియల్ చూసుకో. మా టీచరమ్మ పదికి పది ఏసింది తెలుసా?"

"ఏస్తాదిలే. ఇంట్లో ముసలిదాన్ని బస్సెక్కిస్తే ఎవురైనా ఏస్తారు పదికి పది."

పాప పకపకా నవ్వింది. నాయనమ్మ మాటలో ములుకు ఉందని ఆ పిల్లకు తెలియలేదు. తెలియకపోవడమే మేలనుకుంది సుబ్బరత్నమ్మ.

మర్నాడు సందు మొదట్లో ఆటో ఒకటి మైకు పెట్టుకుని తిరిగింది. అల్పపీడనం ఉందనీ, చామకాలువ పక్క ఇళ్లవాళ్లు జాగ్రత్తగా ఉండాలనీ, తాగే నీళ్లు పట్టిపెట్టుకోవాలనీ చెప్పింది. ఆటో మాట ముగియకముందే కొడుకు జనార్దనం స్టీలు సామాన్ల అంగడి మూసి ఇంటికొచ్చాడు.

"మా, సంచి సర్దుకో. పొద్దున్నే బస్సెక్కిస్తా."

"వాన యాడుంది నాయనా? మిద్దె మీద వడియాలు ఎండతాండాయి."

"వచ్చినాక పోతారా ఎవురన్నా? ముందుజాగ్రత్త గదా."

"నేనుంటే ఏం అడ్డమబ్బా?"

"అడ్డమని ఎవురన్న్యారు? నిన్నెత్తుకోని మిద్దెక్కాలంటే నా నడుము ఇరుగుతాది." అని నవ్వాడు. వాడు నవ్వాడని ఆమె కూడా నవ్వింది. లోపల కోడలు కూడా నవ్విన చప్పుడు వినిపించింది.

సంచి సర్దుకోవడానికి ఎంతసేపు? నాలుగు చీరలు, బీపీ మాత్రలు, కళ్లజోడు పెట్టె. సర్దినాక మిద్దె మెట్ల దగ్గరికి పోయి మూడో మెట్టు మీద కాసేపు కూర్చుంది. వానాకాలం వస్తే ఈ మెట్ల మీదనే తనూ, పోయిన మనిషీ బియ్యం మూటను చెరొక కొసా పట్టుకుని ఎక్కించేవాళ్లు. "ముందు నువ్వెక్కు, నేను కింద పట్టుకుంటా" అని ఆయన, "నీ కాలు జారితే మూటంతా నా మీద" అని తను. ఆ మెట్ల రాయి ఇప్పటికీ చల్లగానే ఉంది. అరచేతితో ఒకసారి రాసి లేచింది.

*

ఆళ్లగడ్డలో కూతురు వాసవి ఇల్లు వక్కిలేరుకు రెండు సందుల అవతల. ముందు గది మ్యాచింగ్ సెంటర్. రవికె గుడ్డలు, లైనింగులు, ఫాల్సులు, దారపు ఉండలు నేల నుంచి పైకప్పు దాకా. ఒక మూల చీర అంచులు కుట్టే పీకో మిషను. అంగడికీ లోపలి ఇంటికీ మధ్య ఒక పూల కర్టెను. పొద్దు పొడిచినప్పటి నుంచి పక్క వీధిలో శిల్పుల ఉలులు రాయి మీద టకటకమంటూనే ఉంటాయి.

ఆ కర్టెనే సుబ్బరత్నమ్మ హద్దు. కూతురి పెళ్లయి ఇరవై రెండేళ్లయింది. ఇంతవరకూ ఆమె అల్లుడు మురళీధర్‌కు ఎదురుపడి ఒక మాట మాట్లాడలేదు. వాళ్ల ఇళ్లలో అత్త అల్లుడికి ఎదురు రాదు, ఆయన ముందు కూర్చోదు, పేరు పెట్టి పిలవదు. వాళ్లమ్మ అట్లాగే ఉండింది, వాళ్లమ్మమ్మా అట్లాగే. అతని అడుగు చప్పుడు వినిపిస్తే ఆమె తలుపు చాటుకు తప్పుకుంటుంది. అతనూ దగ్గి, ఆమె తప్పుకునేదాకా ఆగి లోపలికి వస్తాడు. ఇద్దరి మధ్యా మాటలు మోసేది వాసవి.

"మీ అమ్మ తిన్నిందా, అడుగు." కర్టెను అవతల నుంచి అతని గొంతు.

"తిన్న్యానని చెప్పు." కర్టెను ఇవతల నుంచి ఆమె.

"నాలుగడుగుల దూరం లేదు ఇద్దరికీ! నేనేమన్నా పోస్టాఫీసు పెట్టుకున్న్యానా ఈడ?" అని వాసవి రుసరుసలాడుతూ చెంబుతో నీళ్లు పెట్టేది.

అల్లుడి ఇంట్లో చీపురు పట్టుకోవడమే తప్పు. గిన్నె తోమబోతే "ఉండు మా, ఆయన చూస్తే నన్నంటాడు" అని కూతురు లాక్కుంటుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడమే. అట్లా కూర్చుంటే మనసు మాత్రం నంద్యాల పోయేది. శిరివెళ్ల దాటి, బస్టాండు దాటి, ఆ సందులో దూరి, వంటింట్లో ఒక్కో డబ్బా మూత తీసి చూసి వచ్చేది. కోడలు కందిపప్పు ఇంకా కింది అరలోనే పెట్టి ఉంటుంది. తడిస్తే ముక్కిపోతుంది.

సాయంత్రం ఫోను చేసింది. "నాయనా, వాన పడతాందా?"

"చినుకులు మా. నువ్వేం రందిపడద్దు."

"ఆ కందిపప్పు డబ్బా..."

"అంగట్లో జనమున్నారు మా, పెట్టేస్తా."

ఫోను చెవి దగ్గరే ఉంచుకుని కాసేపు కూర్చుంది. ఆ డబ్బా ఎక్కడ పెట్టాలో ఎవరైనా ఒక్కసారి అడిగితే బాగుండు. చెప్పిన చోట పెట్టకపోయినా పర్వాలేదు. అడిగితే చాలు.

రెండో రోజు కూతురితో మెల్లగా కదిపింది. "వాసవీ, మీ ఆయనకు చెప్పు, కింది అరల్లో గుడ్డలు పైకి ఎక్కిస్తే మంచిదని. ఏరు దగ్గర గదా."

"ఈ వీధి ఎత్తు మా. మేమొచ్చినాక ఒక్కతూరి కూడా రాలేదు. అది నంద్యాల బుద్ధి, ఆడ మోరీ పొంగినా మీరు మిద్దెక్కుతారు."

నంద్యాల బుద్ధి అనడం సుబ్బరత్నమ్మకు తిట్టులా అనిపించలేదు. ఇంటి పేరు పెట్టి పిలిచినట్టే ఉంది.

*

మూడో రోజు తెల్లవారేసరికి ఉలుల చప్పుడు లేదు. నల్లమల మీద రాత్రంతా కురిసిన వాన ఇప్పుడు ఊరి మీద కురుస్తోంది. ఆరు గంటలకు వీధిలో కరెంటు తీసేశారు. ఏడున్నరకు పక్కింటివాళ్లు "వక్కిలేరు వస్తాంది, వక్కిలేరు వస్తాంది" అని అరుచుకుంటూ మిద్దెలు ఎక్కారు.

మురళీధర్ గబగబా ఎదురింట్లో కట్టుబడి కోసం పోసిన ఇసుకను రెండు గోతాల్లో ఎత్తుకొచ్చి అంగడి షట్టరుకు అడ్డం వేశాడు. వాసవి కాగితాల సంచీ, బియ్యం డబ్బా పట్టుకుని మిద్దె మీదికి పోయింది. సుబ్బరత్నమ్మ కర్టెను వెనక నిలబడి చూస్తోంది. షట్టరు దగ్గర నీళ్లు నిలిచే ఉన్నాయి, లోపలికి రాలేదు. అతను హమ్మయ్య అన్నట్టు నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

అప్పుడు ఆమె కాళ్లకు వెనక నుంచి చల్లగా తగిలింది.

బాత్రూం తూములోంచి గుడగుడమని నీళ్లు ఉబుకుతున్నాయి. వంటింటి గడప దాటి, హాల్లో చాప కింద దూరి, కర్టెను కింది నుంచి అంగట్లోకి పారుతున్నాయి. వీధిని అడ్డుకున్న గోతాలు ఇప్పుడు ఇంట్లో నీళ్లను బయటికి పోనివ్వడం లేదు. చూస్తుండగానే చీలమండ మునిగింది.

"అయ్యో, మిషను!" అన్నాడు మురళీధర్. పీకో మిషను మోటారు వైరు నేల మీద ఉన్న పొడుగు బోర్డులో గుచ్చి ఉంది. బోర్డు నీళ్లలో మునిగిపోయింది. అతను చెప్పులు కూడా లేని కాళ్లతో అటు నడిచాడు.

సుబ్బరత్నమ్మ తలెత్తింది. పీకో మిషను మీద ట్యూబులైటు తెల్లగా వెలుగుతోంది.

ఎర్ర పెన్నుతో రాసిన మొదటి గడి ఆమె కళ్ల ముందుకు వచ్చింది. ఒక పూటంతా నిలబడి చదివిన వరస.

"వాసవీ!" అని అరిచింది. "వాసవీ, మీ ఆయనకు చెప్పు!"

మిద్దె రేకుల మీద వాన చప్పుడు. కూతురు పలకలేదు. అల్లుడు వంగాడు. బోర్డు కోసం అతని చెయ్యి నీళ్ల మీదికి వచ్చింది.

ఆమె కర్టెను పక్కకు లాగేసింది. తీగతో సహా అది ఊడి చేతికి వచ్చింది.

"మురళీ! చెయ్యి పెట్టద్దు!"

అతను అట్లాగే ఆగిపోయాడు. నీళ్ల భయం కన్నా ఆ గొంతే అతన్ని ఆపింది. ఇరవై రెండేళ్లలో ఆ గొంతు తన పేరు పలకడం అతను వినలేదు. మెల్లగా తల తిప్పాడు. అత్త ఎదురుగా, తడిసిన చీర కుచ్చిళ్లతో, చేతిలో ఊడిన కర్టెనుతో నిలబడి ఉంది.

"కరెంటు లేదు గదా అత్తా, పొద్దున్నే తీసేసినారు." అతని నోటి నుంచి కూడా నేరుగా వచ్చిన మొదటి మాట అదే.

"మరి నీ నెత్తిన అదెట్ల వెలుగుతాంది?"

అతను పైకి చూశాడు. లైటును చూశాడు. నీళ్లలో బోర్డును చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకుని చొక్కాకు తుడుచుకున్నాడు.

"ఇన్వర్టర్ ఉండాది గదప్పా ఇంట్లో. దాన్ని ఆపల్ల. కదలద్దు, ఉన్న చోట్నే ఆ బల్ల మీదికెక్కు. బల్ల మీద నుంచి మంచం మీదికి రా. నీళ్లలో కాలు పెట్టద్దు." అంటూ తను కూడా వెనక ఉన్న మిద్దె మెట్టు ఎక్కి నిలబడింది.

అతను చిన్నపిల్లవాడిలా చెప్పినట్టే చేశాడు. బల్ల, బల్ల మీద నుంచి మంచం, మంచం కొస నుంచి ఇన్వర్టర్ స్టాండు. బటన్ నొక్కాడు. లైటు ఆరింది. పక్కనున్న మెయిన్ కూడా దించాడు. ఇల్లంతా చీకటిగా, వాన వెలుతురుతో నిండింది.

మంచం మీదే నిలబడి అడిగాడు. "ఇంగేం చెయ్యల్ల అత్తా?"

నీళ్లు పెరుగుతున్నాయి, తెలుసు. అయినా ఆ మాట చెవిలో కాసేపు ఉండనిచ్చింది. ఎన్నేళ్లయింది ఈ మాట తనను ఎవరైనా అడిగి? అడిగే మనిషి పోయాక, అడిగే ఇల్లు కూడా లేకుండా పోయింది.

తర్వాత కొంగు నడుముకు దోపుకుని మెట్టు దిగింది.

"వాకిట్లో ఏసినావే ఆ గోతాలు, ఈడికి తీసుకరా. ఎప్పుడైనా నీళ్లు ముందొచ్చేది తూములో నుంచే. సగం ఇసుక తీసెయ్, నిండుగా ఉంటే వంగదు, తూము మీద కూచోదు. షట్టరు తెరువు, వీధిలో కన్నా ఇంట్లోనే ఎక్కువుండాయి, ఉన్న నీళ్లు బయటికి పోనీ. గోడ పక్కన చూసుకోని నడువు, తేళ్లు ఎక్కుతాంటాయి. సిలిండరు ఆపి కిటికీ కమ్మికి కట్టు, లేకుంటే తేలతాది."

"ఏ గుడ్డలు ముందెత్తేది?"

"తెల్ల లైనింగులు ఎత్తు. బురద పడితే అవి ఇంగ దేనికీ రావు. రంగువి ఉతికితే పోతాది."

వాసవి మిద్దె దిగి వచ్చేసరికి, ఆమె భర్త లైనింగు తానులు అందిస్తున్నాడు, అమ్మ మెట్టు మీద నిలబడి అందుకుంటోంది. నడుమ కర్టెను లేదు. కూతురు నోరు తెరిచి అట్లాగే నిలబడింది.

"చూస్తాండావేంది? నువ్వు కూడా పట్టు, బేగా!" అంది సుబ్బరత్నమ్మ.

నీళ్లు మోకాళ్ల దాకా వచ్చి ఆగాయి. మధ్యాహ్నానికి తగ్గిపోయి, నేల మీద జిగట బురద మిగిల్చాయి. అప్పుడు ఫోను మోగింది.

"మా, ఈడ చుక్క నీళ్లు రాలేదు." జనార్దనం గొంతులో సంబరం. "ఊరికే భయపడినాము. ఆడంతా బాగుందా?"

మోకాలి దాకా బురదతో ఆమె చుట్టూ చూసింది. "బాగుంది నాయనా" అంది. అబద్ధమేమీ కాదు.

*

విషయం తెలిసి, రెండు రోజుల తర్వాత జనార్దనం కారు మాట్లాడుకుని వచ్చాడు. గడప దగ్గరే ఆగిపోయాడు. వాళ్లమ్మ కొబ్బరి చీపురుతో హాల్లో బురదను బయటికి నూకుతోంది. అతని బావ పక్కనే బకెట్‌తో నీళ్లు పోస్తున్నాడు. వీధిలో కాలువ పక్క సామాన్లన్నీ ఆరబోసి ఉన్నాయి.

"అత్తా, ఇన్వర్టర్ ఆరినట్టే ఉంది. ఏసి చూద్దామా?" అడుగుతున్నాడు మురళీధర్.

"ఎలక్ట్రీషియను వచ్చి చూసేదాంక ముట్టద్దు. ఒక దినం చీకట్లో ఉంటే ఏం పోతాది?"

"సరేలే. బ్లీచింగు ముందా, సున్నం ముందా?"

"ముందు కడుగుదాంలే అప్పా."

జనార్దనం అక్క వైపు చూశాడు. వాసవి నవ్వింది. "నా పోస్టాఫీసు మూతపడిందిలే తమ్ముడా. ఇద్దరూ మాట్లాడుకోని, నాకు పని చెప్తాండారు."

"పా మా, ఇంటికి పోదాం. నీకెందుకీ బురద?" అన్నాడతను తల్లితో.

ఇల్లు, అన్న మాటకు చీపురు ఆగింది. ఐదు రోజులుగా ఆమె రోజూ ఆ ఇంటికి పోయి వస్తూనే ఉంది. సందు మలుపు, మెట్ల రాయి, ఫ్రిజ్ మోత, పాప బడి చెప్పులు విసిరేసే చప్పుడు. కారు ఎక్కితే గంటలో అక్కడ ఉంటుంది. సంచి కూడా మిద్దె మీద సర్దే ఉంది.

"పని ఉంది నాయనా. రెండు దినాలు పడతాది."

"బావ చూసుకుంటాడులే."

"చూసుకుంటాడు. కానీ నేను మొదలుపెట్టినా గదా."

జనార్దనం తల గోక్కున్నాడు. "పోనీ ఇదీ మేలే. వచ్చే వారం మల్ల తుపానంట. అది దాటిపోయేదాంక నువ్వు ఈడనే ఉంటే..." అని, చుట్టూ గోడల మీద మోకాలెత్తు బురద గీతను చూసి, మాట మింగేశాడు.

సుబ్బరత్నమ్మ చీపురును గోడకు ఆనించింది. చేతి బురదను కొంగుతో తుడుచుకుంటూ గడప దాకా వచ్చింది. గొంతులో కోపం లేదు.

"తుపాను ఎప్పుడంటాండారు?"

"బేస్తవారం అంటాండారు."

"అయితే సోమవారం వస్తా."

"వాన వచ్చే ముందరే వస్తావా? అది పోయినాక..."

"పోయినాక వచ్చి ఏం చేసేది నాయనా? వాన పడేటప్పుడు ఇంట్లో ఉండల్ల నేను. ఎండకు ఎవురైనా ఉంటారు."

అమ్మను జనార్దనం చాలా రోజులుగా కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు మాత్రమే చూస్తున్నాడు. ఇట్లా గడపలో నిలబడి, చీర ఎగదోపుకుని, మాట్లాడుతుంటే అతనికి ఎటు చూడాలో తెలియలేదు.

"సరే, బస్టాండుకొస్తా. ఏ బస్సు?"

"రావద్దు. బస్సు దిగి ఇల్లు కనుక్కోలేనా? నువ్వు ఇంట్లో ఉండు. నేనొచ్చేసరికి కందిపప్పు, బెల్లం, నీ అంగడి బిల్లు పుస్తకాలు మిద్దె మీద ఉండల్ల. మందుల అంగట్లో పాపకు జ్వరం మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాలు తెచ్చిపెట్టు. బియ్యం మూట మాత్రం నువ్వొక్కడివే ఎత్తద్దు, నీ నడుము మంచిది కాదు. నేనొచ్చినాక చెరొక పక్కా పట్టుకుందాం."

"సరే మా" అన్నాడు.

కారు తిరిగి, బురద వీధిలో మెల్లగా నంద్యాల రోడ్డు వైపు పోయింది. ఆమె గడపలోనే నిలబడి అది కనుమరుగయ్యేదాకా చూసింది. మనసు దాని వెంటే పరుగెత్తింది. చెయ్యి ఎత్తి ఆపమందామా అని ఒక్క క్షణం అనిపించింది కూడా. పక్క వీధిలో, ఇన్ని రోజులకు, ఉలి ఒకటి రాయి మీద మొదలైంది.

కారు మలుపు తిరిగినాక గానీ కొడుకు అన్న ఆ "సరే" ఆమె చెవికి పూర్తిగా అందలేదు. అంగడి వేళల్లో, ఫోను పెట్టేసే ముందు, ఆమెను వదిలించుకోవడానికి అతను అనే సరే కాదది. పని చెప్పించుకున్న మనిషి అనే సరే.